వేరు నిలిపేది, విత్తనం మార్చేది

పాపీ మొక్కను కదిలించరాదన్నది తోటలు పెంచేవారిలో తరతరాలుగా నిలిచి ఉన్న మాట. రాతినేలలో సైతం నిప్పుకణికల వంటి పూలు పూయగల ఈ మొక్క, ఒక మడిలోనుంచి మరొక మడిలోకి మార్చగానే రెండు మూడు రోజులలో తల వాల్చివేయడం అనేకులకు అనుభవమే. అందుచేత చాలామంది దానిని మొలిచిన చోటనే వదలివేస్తారు. దుబ్బు ముదిరి, నడుమ ఖాళీపడి, ఏటేటా పూలు తగ్గుతూ వచ్చినా దాని జోలికి పోరు. ఈ భయంలో సగం న్యాయమైనదే. తక్కిన సగం మొక్క స్వభావం తెలియనందువల్ల కలిగినది. ఏ పాపీని, ఏ ఋతువులో, ఎందుకోసం కదిలించాలో తెలిస్తే, అసాధ్యమనుకున్నది ఒక సాయంకాలపు పనిగా మారిపోతుంది.

ఈ మూడింటిలో ‘ఎందుకోసం’ అన్న ప్రశ్న ముఖ్యమైనది. కొన్ని పాపీలకు విత్తనమే దారి. తరం తరానికి కొత్త ఛాయలు రావడం వాటి అందం. మరికొన్నింటికి వేరే దారి. తల్లిమొక్క ఎట్లా ఉన్నదో పిల్లమొక్కా అట్లాగే ఉండడం వాటి విలువ. ఈ తేడాను పాటించకుండా, వేరుతో నిలపవలసిన రకాన్ని విత్తనంతో పెంచుతూ పోతే, కొద్ది సంవత్సరాలలో తోటనిండా పాపీలు ఉంటాయి గాని అసలు రకం మాత్రం ఉండదు.

పాపీ అన్న పేరు కొత్తగా వినిపించినా, ఆ కుటుంబం తెలుగువారి వంటింటికి పరాయిది కాదు. అరిసెలకు అద్దే గసగసాలు, కూర చిక్కబడడానికి నూరి వేసే గసగసాలు అందులోని ఒక జాతి విత్తనాలే. పొలాలలో పెరిగే పాపీల ఎండుకాయను ఊపితే లోపల ఇసుక ఆడినట్లు చప్పుడవుతుంది. కాయ నెత్తిన గొడుగు వంటి మూత, ఆ మూత కింద చుట్టూ చిన్న చిన్న కిటికీలు. గాలికి కాడ ఊగినప్పుడల్లా వాటిలోనుంచి విత్తనాలు కొద్దికొద్దిగా చుట్టుపక్కల రాలుతాయి.

పైకి ఎన్ని రంగులలో కనిపించినా, పాపీలకు సామాన్యమైన లక్షణం ఒకటి నేల కింద ఉన్నది. మొలక నాలుగు ఆకులు తొడిగేలోపలే తల్లివేరు సూటిగా లోతుకు దిగిపోతుంది. పక్కలకు పోయే పీచువేళ్లు తక్కువ. బంతి నారు పీకితే వేళ్లు గుత్తిగా, మట్టిని పట్టుకుని వస్తాయి. నాటిన నాలుగు రోజులలో తేరుకుంటాయి. పాపీని పెరికితే తల్లివేరు కొన తెగుతుంది. నీరు పీల్చే సన్నని వేళ్లు మట్టిలోనే ఉండిపోతాయి. పైన ఉన్న పలుచని ఆకులు మాత్రం ఎప్పటివలెనే నీటిని ఆవిరిగా వదలుతూ ఉంటాయి. రాబడి ఆగిపోయి ఖర్చు ఆగకపోతే సంసారం ఎట్లా కుంగుతుందో, మొక్కా అట్లాగే కుంగిపోతుంది.

ఉపాయం కూడా ఈ లెక్కలోనుంచే తేలుతుంది. ఖర్చు లేని సమయంలో, అంటే ఆకులు రాలి మొక్క నిద్రపోతున్న సమయంలో, దానిని కదిలించాలి. ఒక్క సంవత్సరంలోనే మొలిచి, పూచి, పోయే పాపీలకు అటువంటి సమయం రాదు. ఏండ్ల తరబడి బతికేవాటికి అది ఏటా వస్తుంది.

విత్తనం దారి

ఏడాది పాపీలలో అందరికంటె ప్రసిద్ధమైనది యూరపు గోధుమ పొలాలలో కలుపుగా మొలిచే ఎర్రపాపీ. దాని విత్తనం మట్టి లోపలి పొరలలోకి పోయిందంటే మొలవకుండా ఏండ్ల తరబడి, ఒక్కొక్కప్పుడు దశాబ్దాల తరబడి, నిద్రపోగలదు. నాగలి గాని పార గాని మట్టిని తిరగవేసి దానికి వెలుగు సోకేట్టు చేసినప్పుడు మేల్కొంటుంది. మొదటి ప్రపంచయుద్ధంలో ఫిరంగిగుండ్లు దున్నివేసిన ఫ్లాండర్స్ నేలలో ఈ పూలు విరగబూయడానికి కారణం ఇదే. 1914 శీతకాలంలో ఆ ప్రాంతపు కందకాలలో నిలిచి పోరాడినవారిలో వేలాది భారత సిపాయిలు కూడా ఉన్నారు. యుద్ధానంతరం బ్రిటన్‌లోనూ, మరికొన్ని దేశాలలోనూ ఎర్రపాపీ మృతవీరుల స్మృతిచిహ్నమయింది.

ఈ కలుపుమొక్కే పూలమడి మొక్కగా మారిన కథ ఒకటి ఉంది. లండన్‌కు దక్షిణాన, క్రాయిడన్ దగ్గర షర్లీ అనే ఊరిలో విలియం విల్క్స్ అనే క్రైస్తవ మతగురువు ఉండేవాడు. ఆయన తోట ఒక మూల పొలాలను ఆనుకుని ఉండేది. 1880లో ఆ మూల మొలిచిన ఎర్రపాపీల మధ్య ఒకే ఒక్క పువ్వు రేకల అంచున సన్నని తెల్లని గీత ఆయన కంటబడింది. ఆ పువ్వుకు గుర్తు పెట్టి, దాని విత్తనాన్ని మాత్రమే దాచాడు. మరుసటి ఏడు మొలిచిన సుమారు 200 మొక్కలలో నాలుగైదింటికి తెల్లని అంచు వచ్చింది. వాటిలో మేలైనవాటి విత్తనం మళ్లీ దాచాడు. ఇట్లా ఏటేటా ఏరుతూ పోగా ఎరుపు పలచబడి గులాబీరంగు, చివరకు తెలుపు కూడా వచ్చాయి. అటుపిమ్మట పువ్వు నడుమ ఉండే నల్లమచ్చ మీద దృష్టి పెట్టి, దానిని కూడా తొలగించి, తెల్లని అడుగు, పసుపు లేక తెల్లని కేసరాలు ఉన్న పూలను నిలిపాడు. అవే నేటికీ ‘షర్లీ పాపీలు’ అన్న పేరుతో విత్తనాల దుకాణాలలో దొరుకుతున్నాయి. విల్క్స్ ఆ విత్తనాన్ని తన గుప్పిట్లో దాచుకోక అడిగినవారికి పంచిపెట్టాడు. 1888 నుంచి 1920 వరకు ఆయన ఇంగ్లండు రాయల్ హార్టికల్చరల్ సొసైటీకి కార్యదర్శిగా ఉన్నాడు.

ఈ కథలో ఒక హెచ్చరిక కూడా ఉన్నది. విల్క్స్ చేసిన పని ఒకసారితో ముగిసేది కాదు. తేనెటీగలు ఒక పువ్వు పుప్పొడిని మరొక పువ్వుకు చేరవేస్తూనే ఉంటాయి. మడిలో నల్లమచ్చ గల ఎర్రపువ్వులను ఉండనిస్తే కొద్ది తరాలలోనే మడి అంతా పాత పొలపు పాపీలతో నిండిపోతుంది. విత్తనం దాచదలచినవారు, నచ్చని పువ్వు విచ్చిన ఉదయమే మొక్కను పెరికివేయాలి. విత్తనం దారి పట్టినవారికి ఏరివేత ఏటేటా తప్పదు.

ఏడాది పాపీలను పూయవలసిన చోటనే చల్లాలి. విత్తనం ధూళివలె సన్ననిది గనుక, ఒక చిటికెడు విత్తనాన్ని గుప్పెడు పొడి ఇసుకలో కలిపి చల్లితే ఒకేచోట కుప్పపడదు. తెల్లని ఇసుక పడినచోటు కంటికి కనిపిస్తుంది కూడా. నేల ఎండ తగిలేదిగా, నీరు నిలవనిదిగా ఉండాలి. చల్లిన తరువాత మందంగా మట్టి కప్పరాదు. వెలుగు సోకితేనే మొలకెత్తే విత్తనమది. అరచేతితో మెల్లగా అదిమి, సన్నని తుంపరగా నీరు చల్లితే చాలు. మొలకలు రెండంగుళాలు ఎదిగినప్పుడు, జానెడుకు ఒకటి ఉండేటట్లు మిగిలినవాటిని తీసివేయాలి. ప్రాణమున్న మొలకలను పారవేయడానికి చేతులు రాక ఒత్తుగా వదలిన మడిలో ఏ మొక్కా బాగుపడదు. తీసేటప్పుడు లాగితే పక్కవాటి వేళ్లు కదులుతాయి కనుక, కత్తెరతో నేలమట్టానికి కత్తిరించడం మంచిది.

నారు పోసి నాటక తప్పనివారికి ఒక మార్గం లేకపోలేదు. వార్తాపత్రిక కాగితంతో బెత్తెడు పొడవు గొట్టాలు చుట్టి, మట్టీ ఇసుకా కలిపి నింపి, ఒక్కొక్కదానిలో నాలుగైదు విత్తనాలు వేయాలి. మొలిచాక బలమైనది ఒకటి ఉంచి మిగతావి కత్తిరించాలి. నాలుగు ఆకులు రాగానే, తల్లివేరు గొట్టం అడుగును తాకకముందే, పొద్దువాలిన తరువాత గొట్టంతో సహా గుంతలో పెట్టాలి. కాగితం మట్టిలో కలిసిపోతుంది. వేరుకు తనను కదిలించినట్లు తెలియదు. ఐస్‌లాండ్ పాపీ అనబడే రకం లేతగా ఉన్నప్పుడు ఈ నాటును కొంత ఓర్చుకుంటుంది. పేరు ఐస్‌లాండ్‌దే అయినా దాని పుట్టిల్లు అది కాదు. ఉత్తరధ్రువానికి సమీపాన ఉన్న ఆసియా చలిప్రాంతాలు.

వేరు దారి

ఏండ్ల తరబడి బతికే పాపీలలో రాజఠీవి గలది ‘ఓరియంటల్ పాపీ’. కాకసస్ పర్వతాలు, ఈశాన్య టర్కీ, ఉత్తర ఇరాన్ దాని జన్మభూములు. ఫ్రెంచి వృక్షశాస్త్రజ్ఞుడు టూర్న్‌ఫోర్ 1700 నుంచి 1702 వరకు తూర్పుదేశాలలో పర్యటించినప్పుడు ఎర్జురుమ్ ప్రాంతంలో దానిని చూసి విత్తనం పారిస్ చేర్చాడు. అక్కడినుంచి అది ఇంగ్లండు తోటలకు వెళ్లింది. అరచేతికంటె వెడల్పయిన పువ్వు, ముడతలుపడ్డ పట్టుగుడ్డ వంటి రేకలు, నడుమ నల్లని కేసరాల గుంపు, నూగుతో గరగరలాడే ఆకులు: ఇదీ దాని రూపం. రంగు మాత్రం రెండు వందల ఏండ్లపాటు ఎరుపు, నారింజ ఛాయలను దాటలేదు.

1906లో ఇంగ్లండు నర్సరీ యజమాని అమోస్ పెర్రీ తన మొలకల మధ్య లేత గులాబీరంగు పూచిన మొక్కనొకదానిని చూచాడు. దానికి భార్య పేరు మీద ‘మిసెస్ పెర్రీ’ అని పేరు పెట్టాడు. కొద్ది సంవత్సరాలకే మరొక వింత జరిగింది. గులాబీ, ఎరుపు రంగుల పాపీల కోసం ఆయన దగ్గర మొక్కలు కొని మడి నాటించుకున్న ఒక ఖాతాదారు, వాటి నడుమ తెల్లపువ్వు ఒకటి పూచి రంగుల పొందికనంతా చెడగొట్టిందని కోపంతో ఫిర్యాదు చేశాడు. పెర్రీ ఆ తెల్లమొక్కను వెనక్కు తెచ్చుకుని, దానికి బదులు వేరే మొక్కలు ఇచ్చి ఆయనను సమాధానపరిచాడు. ‘పెర్రీస్ వైట్’ అన్న పేరుతో లోకమంతటా వ్యాపించిన తెల్లపాపీ అదే. మొక్కలు కొన్నవాడు విసుగుతో దానిని పెరికి కుప్పలో పారవేసి ఉంటే ఆ కథ అక్కడితో ముగిసేది.

దాదాపు నూరేండ్ల తరువాత, సోమర్సెట్ ప్రాంతపు నర్సరీ ఒకదానిలో ఎరువుకుప్ప మీద తనంతట తాను మొలిచిన పాపీ నేరేడుపండు ఛాయలో పూచింది. ‘ప్యాటీస్ ప్లమ్’ అన్న పేరుతో అది కూడా తోటలకెక్కింది.

ఇక్కడే వేరుకూ విత్తనానికీ గల తేడా బయటపడుతుంది. టెంకె నాటితే తల్లిచెట్టు కాయ రాదని మామిడి పెంచే ప్రతి రైతుకూ తెలుసు. బంగినపల్లి కావలసినవాడు అంటుమొక్కనే తెచ్చుకుంటాడు. ‘పెర్రీస్ వైట్’ విత్తనం చల్లితే ఏ రంగు పువ్వు పూస్తుందో చెప్పడం కష్టం. ఎరుపు రావచ్చును, గులాబీ రావచ్చును. తల్లికి అచ్చమైన ప్రతిరూపం మాత్రం రాదు. ఆ తెల్లపువ్వు ఇంకా లోకంలో ఉన్నదంటే, ఆనాటి ఆ ఒక్క మొక్కనే చేతులు మారుతూ, ముక్కలవుతూ, నేటివరకు బతుకుతున్నదన్నమాట. వేలాది తోటలలో వేలాది మొక్కలుగా కనిపించినా, నిజానికి అది ఒకే మొక్క.

ఓరియంటల్ పాపీని విడదీసే సమయాన్ని అది తానే చెబుతుంది. ఇంగ్లండులో మే, జూన్ నెలలలో పూచిన తరువాత ఆకులు పసుపుబారి, ఎండి, నేలకు ఒరిగిపోతాయి. మొక్క చచ్చిపోయిందని కొత్తవారు బెంగపడతారు. అది చావు కాదు, నిద్ర. శరత్కాలపు చల్లదనం తగిలి మళ్లీ లేత ఆకుల కుచ్చు పైకి వచ్చేవరకు, అంటే ఆగస్టు నెలలోనూ, ఆ తరువాత కొద్ది రోజులూ, దానిని నిర్భయంగా కదిలించవచ్చును. ఆ అదను తప్పినవారు వసంతారంభంలో, ఆకులు ముమ్మరంగా పెరగకముందు ఆ పని చేస్తారు.

పద్ధతి కష్టమైనది కాదు. దుబ్బు చుట్టూ జానెడు ఎడంగా తవ్వి, వేళ్లు వీలైనంత లోతునుంచి వచ్చేటట్లు పైకి లేపాలి. మట్టి దులిపి చూస్తే పైన కొన్ని మొగ్గల గుంపులు, కింద కండగల వేళ్లు కనిపిస్తాయి. ప్రతి ముక్కకూ కనీసం ఒక మొగ్గ, దాని వెంట తగినంత వేరు ఉండేటట్లు పదునైన కత్తితో విడదీయాలి. నడుమ కుళ్లిన భాగం ఉంటే పారవేయాలి. గుంత లోతుగా తవ్వి, వేరు వంకర పోకుండా నిలువుగా దించి, మొగ్గ నేలమట్టానికి రెండు మూడంగుళాలు కిందుగా ఉండేటట్లు మట్టి కప్పాలి. ఒకసారి నిండుగా నీరు పోసి, తరువాత చెయ్యి బిగబట్టాలి; నిద్రపోతున్న వేరుకు ఎక్కువైన నీరు కుళ్లు తప్ప మరేమీ ఇవ్వదు. దుబ్బును నాలుగైదేండ్లకు ఒకసారికంటె ఎక్కువగా కదిలించకపోవడం మంచిది. విడదీసిన మరుసటి ఏడు పూలు తక్కువగా పూచినా నిరాశపడనవసరం లేదు.

ఇంతకంటె ఆశ్చర్యకరమైనది వేరుముక్కల పద్ధతి. పాపీని తవ్వి మరొకచోటికి మార్చినవారు, పాతగుంతలో మరుసటి వసంతంలో అదే పాపీ మళ్లీ మొలవడం చూసి విస్తుపోతారు. తెగి మట్టిలో ఉండిపోయిన వేరుముక్కే కొత్త మొగ్గ తొడిగి మొక్కగా లేస్తుంది. కదిలిస్తే బతకదని పేరుపడ్డ మొక్కను పూర్తిగా తొలగించడమే కష్టమని అప్పుడు తెలుస్తుంది. ఈ గుణాన్నే తోటవారు ఉపయోగించుకుంటారు. మొక్క నిద్రలో ఉండగా, తల్లిమొక్కను కదల్చకుండా ఒక పక్క తవ్వి, పెన్సిల్ మందం గల వేళ్లను రెండు మూడు తీసి, రెండు మూడంగుళాల ముక్కలుగా కోస్తారు. ప్రతి ముక్కకూ పైకొసను అడ్డంగా, కిందికొసను ఏటవాలుగా కోయడం ఆచారం. తలకిందులుగా నాటకుండా గుర్తు కోసం ఆ ఏర్పాటు. ఇసుక ఎక్కువగా కలిపిన మట్టిని లోతైన కుండీలో నింపి, ముక్కలను నిలువుగా, పైకొస మట్టికి సమంగా ఉండేటట్లు గుచ్చి, పైన అరంగుళం ముతక ఇసుక పరుస్తారు. మంచుపడని చల్లని చోట ఉంచి, మట్టి ఆరిపోకుండా చూస్తే చాలు. వసంతంలో ఆకులు వస్తాయి. ఆకులు చూసి తొందరపడి నాటరాదు. ఆకులకంటె వేళ్లు ఆలస్యంగా పుడతాయి. కుండీ అడుగున వేళ్లు కనిపించిన తరువాతనే మడిలోకి మార్చాలి.

ఓరియంటల్ పాపీతో మరొక చిక్కు ఉన్నది. నడివేసవిలో అది నిద్రపోగానే మడిలో పెద్ద ఖాళీ ఏర్పడుతుంది. ఇంగ్లండులో ప్రసిద్ధ తోటల రూపకర్త గెర్‌ట్రూడ్ జీకిల్, పాపీల పక్కన జిప్సోఫిలా నాటి, తెల్లని నురుగు వంటి ఆ పూలగుంపు విస్తరించి ఖాళీని కప్పేటట్లు ఏర్పాటు చేసేది. పాపీ చోటు ఎన్నుకునేటప్పుడు దాని పొరుగును కూడా ఎన్నుకోవాలని ఆమె తోట చూపింది.

హిమాలయపు నీలం

పాపీలలో అందరూ కలలుగనే రంగు నీలం. అది ‘మెకనోప్సిస్’ అనే బంధువర్గానిది. దాని ఇల్లు హిమాలయాలు, టిబెట్, పశ్చిమ చైనా పర్వతాలు. 1913లో ఆగ్నేయ టిబెట్ లోయలలో తిరుగుతున్న బ్రిటిష్ అధికారి బెయిలీ ఒక నీలిపాపీని కోసి తన జేబుపుస్తకంలో దాచి తెచ్చాడు. దానికి ఆయన పేరే పెట్టారు. మొక్కల అన్వేషకుడు ఫ్రాంక్ కింగ్డన్-వార్డ్ 1924లో ఆ ప్రాంతానికే వెళ్లి సేకరించిన విత్తనంతో అది బ్రిటన్ తోటలలో స్థిరపడింది. చల్లని వేసవి, తడి ఆరని ఆకుమట్టి నేల దానికి కావాలి. అందుకే దక్షిణ ఇంగ్లండుకంటె స్కాట్లండులో అది సుఖంగా పెరుగుతుంది.

ఈ వర్గంలో అనేక జాతులు కొన్నేండ్లు ఆకుల గుత్తిగా ఉండి, ఒక్కసారి పూచి, విత్తనం కట్టి చనిపోతాయి. వాటికి విత్తనమే గతి. అది కూడా తాజాగా ఉండగానే చల్లాలి. తోటలలో రెండు జాతుల కలయికవల్ల పుట్టిన పెద్ద నీలిపాపీలలో కొన్ని ఇందుకు పూర్తిగా భిన్నమైనవి: ఏటేటా పూస్తాయి గాని మొలకెత్తే విత్తనం కట్టవు. ‘స్లీవ్ డొనార్డ్’ అనే రకం అటువంటిదే. దశాబ్దాలుగా అది బతికి ఉన్నదంటే, ఎవరో ఒకరు దానిని తవ్వి, విడదీసి, మళ్లీ నాటడంవల్లనే. మూడు నాలుగేండ్లకు ఒకసారి, వసంతంలో మొగ్గలు తల ఎత్తే వేళ గాని, పూలు ముగిసిన తరువాత గాని ఆ పని చేయకపోతే దుబ్బు చిక్కి నశిస్తుంది. ఓరియంటల్ పాపీకి విడదీత ఒక సౌకర్యం. ఈ నీలిపాపీకి అది ప్రాణాధారం.

చేతులు మారే క్రమంలో మరొక నష్టం కూడా జరిగింది. పేర్లు కలగలిసిపోయాయి. ఒకే మొక్క రెండు పేర్లతోనూ, రెండు మొక్కలు ఒకే పేరుతోనూ తిరగసాగాయి. ఈ చిక్కు విప్పడానికి 1998లో స్కాట్లండులో మెకనోప్సిస్ గ్రూప్ అనే సంఘం ఏర్పడింది. మొక్కను కాపాడినవారు దాని పేరును కాపాడనందువల్ల ఎంత శ్రమ పడవలసి వచ్చిందో ఆ సంఘం ఆవిర్భావమే చెబుతున్నది.

భారతదేశంలో నీలిపాపీని దాని ఇంటిలోనే చూడదలచినవారు ఉత్తరాఖండ్‌లోని పూలలోయకు వెళ్లవచ్చును. 1931లో పర్వతారోహకుడు ఫ్రాంక్ స్మైత్ దారి తప్పి చేరి లోకానికి చాటిన ఆ లోయ 1982లో జాతీయోద్యానమయింది. 2005లో నందాదేవితోపాటు ప్రపంచ వారసత్వ స్థలాల జాబితాకెక్కింది. అక్కడ పూచే ముళ్లనూగు నీలిపాపీ జీవితంలో ఒక్కసారి పూచి పోయేదే. దానిని తవ్వి తెచ్చుకోవడం చట్టరీత్యా నేరం. తోటపని దృష్టిలో వ్యర్థం కూడా. తవ్వినవానికి అది దక్కదు, లోయకు దాని విత్తనమూ దక్కదు.

మన తోటలలో

తెలుగునాట వంటి వెచ్చని ప్రాంతాలలో పాపీ అంటే శీతకాలపు ఏడాదిమొక్కే. షర్లీ, ఐస్‌లాండ్ పాపీల విత్తనాన్ని వానలు వెనుకబట్టి రాత్రులు చల్లబడ్డాక, అక్టోబరు నెలాఖరునుంచి నవంబరులో చల్లుకోవాలి. ఎండలు ముదిరేలోపల అవి పూచి ముగించాలి గనుక ఆలస్యం పనికిరాదు. నల్లరేగడి నేల అయితే ఇసుక, మాగిన ఎరువు కలిపి మడిని ఎత్తు చేయాలి. ఓరియంటల్ పాపీకి మాత్రం నిజమైన చలికాలం లేనిదే నిద్ర పట్టదు, పువ్వు రాదు. హిమాచల్, కాశ్మీర్ వంటి చలిసీమలలో ఇల్లున్నవారే దానిని నమ్ముకోవాలి.

చట్టం విషయంలో ఏమరుపాటు కూడదు. గసగసాల మొక్క నల్లమందు మొక్క కూడా. 1985 నాటి మాదకద్రవ్యాల చట్టం ప్రకారం లైసెన్సు లేకుండా దానిని పెంచడం నేరం. మధ్యప్రదేశ్, రాజస్థాన్, ఉత్తరప్రదేశ్‌లలో ప్రభుత్వం ప్రకటించిన ప్రాంతాలలో మాత్రమే రైతులకు లైసెన్సు ఇస్తున్నారు. అందం కోసమని ఒక్క మొక్కకు మినహాయింపు లేదు. వంటకు తెచ్చిన గసగసాలను సరదాకైనా కుండీలో చల్లరాదు. బ్రిటన్‌లో ఈ మొక్కను అలంకారానికి పెంచడం చెల్లుతుంది గనుక, విదేశాలనుంచి వచ్చే ‘పియొనీ పాపీ’ పొట్లాలలో ఉండేది ఈ జాతే కావచ్చును. బూడిదపూత పూసినట్లున్న నీలిపచ్చ ఆకులు కాడను చుట్టుకుని ఉంటే అది గసగసాల మొక్క అని గుర్తు. షర్లీ, ఐస్‌లాండ్ పాపీల ఆకులు సన్నగా చీలి నూగుతో ఉంటాయి.

విత్తనంతో పెరిగే పూలకు పంచుకోవడం ఒక మర్యాద. వేరుతో నిలిచే పూలకు అది ఆత్మరక్షణ. ఒకే తోటలో ఉన్న రకం ఒక్క వర్షాకాలపు ముంపుకు గాని, ఇల్లు ఖాళీచేసి వెళ్లే కుటుంబపు తొందరకు గాని బలి కావచ్చును. ఏ పూలదుబ్బునయినా విడదీసినప్పుడు ఒక ముక్కను తన మడిలోనూ, ఒక ముక్కను పొరుగింటి మడిలోనూ, వీలయితే మరొకటి దూరపు ఊరిలోనూ నాటించడం పాతకాలపు తోటవారి అలవాటు. తన మొక్క పోయిన నాడు వారు ఆ పొరుగింటి తలుపే తట్టేవారు. ముక్కతోపాటు ఒక చీటీ మీద పూర్తి పేరు, ఎవరి తోటనుంచి వచ్చిందో, ఏ సంవత్సరంలో విడదీసిందో రాసి ఇవ్వడం మరవకూడదు.